బడుల ఫలితములను బోల్చుటెట్లు?



గడచిన సర్వసభ్య సమావేశమున నొక తీర్మానము ప్రతిపాదింపబడినది. సంఘ లాభములనుండి సామాన్య శ్రేయోనిధికై తీసియుంచిన సొమ్ములో కొంత భాగమును, పదవ తరగతి పరీక్షలో నూటి కెక్కువమందిని గట్టెక్కించిన బడికి ఏటేట బహుమానముగా నీయవలెననియు, మన యూరినుండి యా బడికి బోవు పిల్లల బస్సు రుసుములో సాయము చేయవలెననియు దాని తాత్పర్యము. పలువురు చేతులెత్తిరి. ఒకరిద్దఱు ఊరకుండిరి. ప్రొద్దుపోయినందున తుది నిర్ణయము వచ్చు సమావేశమునకు వాయిదా పడినది. ఆ రోజున మేమును ఊరకుండిన వారిలోని వారమే. సభలో నోరు మెదపక పిమ్మట గొణుగుట తగదు గనుక మా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున సభ్యుల యెదుట నుంచుచున్నాము.

మేము బడిపంతులము కాము. మా యుద్యోగము మళ్ళలోను గట్లమీదను జరుగునది. కాని పోల్చుట యనునది మా వృత్తికి ప్రాణము. ఈ వంగడము మేలా, ఆ వంగడము మేలా, ఈ యెరువు ఫలించినదా లేదా యని యేండ్ల తరబడి పోల్చుచునే యున్నాము. పోల్చుటలో పొరపాటుపడి రైతులకు నష్టము గలిగించియు నున్నాము. ఆ సంగతి ముందు చెప్పవలెను.

ఉద్యోగమున జేరిన క్రొత్తలో మే మొక సన్నవరి వంగడమును ప్రదర్శనకు వేయించితిమి. రోడ్డు ప్రక్క పొలము. కాలువ తూమునకు మొదటిది. రైతు పశువులు గలవాడు, యేటేట పెంట తోలువాడు. పంట చూడముచ్చటగా పండినది. శివారు పొలములలోని పాత వంగడముతో దానిని బోల్చి, ఎక్కువగా వచ్చిన బస్తాలన్నియు విత్తనము మహిమయే యని సభచేసి చెప్పితిమి. మఱుసటి యేడు శివారు రైతులు నలుగురు మా మాట నమ్మి యా విత్తనము చల్లిరి. ఈనిక దినములలో నీరందక గింజ పాలుపోసికొనలేదు, తాలు మిగిలినది. ఆ నలుగురిలో పెద్దాయన మమ్ము దూషింపలేదు. "విత్తనం చూపించారా బాబుగారూ, నేల చూపించారా?" అని మాత్ర మడిగెను.

మండల కేంద్రమున బస్సు దిగగానే కంటబడు ఫ్లెక్సీలను, వానిపై నవ్వుచున్న పిల్లల ముఖములను, క్రింద పెద్ద యంకెలలో నూటికి నూఱును చూచినప్పుడెల్ల మాకు ఆ పెద్దాయన ప్రశ్నయే జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆ బడికి బోవు పిల్లలెవ్వరు? రుసుము కట్టగల తండ్రియు, ఇంట పుస్తకము పట్టి కూర్చుండబెట్టగల తల్లియు గలవారు. అయిదవ తరగతి దాటునప్పటికే చదువ వ్రాయ నేర్చినవారు. చేర్చుకొనుటకు ముందు పరీక్షపెట్టి యేరుకొనిన వారు పలువురు. మన యూరి యున్నత పాఠశాలలో మిగిలినవారిలో నెక్కువమంది కౌలుదారుల బిడ్డలు, కూలివారల బిడ్డలు. మిరపకోతల దినములలో తల్లి పనికి బోవ, ఇంట చంటిబిడ్డను జూచుకొనుటకై బడి మానువారు. ఆఱవ తరగతిలో జేరునాటికి కథ చదువలేక కూడబలుకుకొనువారు. అట్టి బాలికను నాలుగైదేండ్లలో 40 మార్కులకు జేర్చిన పంతులు చేసిన పని యెంత? 70 మార్కులతో వచ్చిన బాలుని 80కి జేర్చిన పంతులు చేసిన పని యెంత? శాతములో మాత్ర మిద్దఱును ఒక్కొక్క తలయే. మొదటి పంతులు చేసినది బంజరు విఱిచి పంట తీయుట; దానిని కొలుచు గడి యే ఫ్లెక్సీలోను లేదు.

ఇక రెండవది. ఇది నేలకంటెను మమ్మెక్కువ బాధించు విషయము. నారుమడిలో బలహీనమైన మొక్కలను ముందే పెఱికి పాఱవైచి, మిగిలినవి నాటి, "నాటిన మొక్క యొక్కటియు చావలేదు" అని చెప్పుకొను రైతును మీరు మెచ్చుకొందురా? ఎనిమిది తొమ్మిది తరగతులలో వెనుకబడిన పిల్లవాని తండ్రిని బిలిపించి, "మీవాడు మా యొద్ద నెగ్గడు, టి.సి. తీసికొనిపొండు" అని మెల్లగా చెప్పు బడులను మే మెఱుగుదుము. పేర్లు వ్రాయము. ఆ పిల్లవాడెక్కడికి వచ్చును? మన యూరి బడికే. ఎవరిని గాదనక చేర్చుకొను బడి యదియొక్కటియే. అచట వాడు పరీక్ష తప్పిన, ఆ తప్పు మన బడి లెక్కలో వ్రాయబడును. వానిని వదలించుకొనిన బడికి నూటికి నూఱు మిగులును. మన తీర్మాన మట్లే నెగ్గినచో, పెఱికి పాఱవైచిన చేతికే సంఘము బహుమాన మీయవలసి వచ్చును. కావున పరీక్షకు గూర్చుండిన వారెందఱు, నెగ్గినవా రెందఱు అని యడుగుట చాలదు. ఆఱవ తరగతిలో జేరినవారెందఱని మొదట నడుగవలయును. విత్తిన గింజలెన్నియో తెలియక మొలక శాతము చెప్పగలవా రెవ్వరు?

వాన సంగతి యొక్క మాటలో ముగింతుము. ఆంధ్రప్రదేశమున పదవ తరగతి నెగ్గినవారు 2022లో నూటికి 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రాష్ట్రమంతయు రెండేండ్లలో పందొమ్మిది పాళ్ళు పైకి లేచి, మఱుసటి యేడు అయిదు పాళ్ళకుపైగా దిగినది. నూటికి నూఱు సాధించిన బడులు 2024లో 2,803, 2025లో 1,680. ఇన్ని బడుల పంతుళ్ళును ఒక్క సంవత్సరములో చదువు చెప్పుట మఱచిపోయిరా? ప్రశ్నపత్రము, దిద్దుబాటు, పాఠ్యపుస్తకము, ఇవి యన్నియు వాన వంటివి. అందఱి పొలముల మీదను గురియును. 2022లో 70 వచ్చి 2024లో 85 వచ్చిన బడి పెరిగినదని చంకలు గొట్టుకొనిన, అది రాష్ట్రముతో సమానముగనైన పెరుగలేదని గ్రహింపవలెను. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ కారణమున పరీక్షలే రద్దై యందఱును ఉత్తీర్ణులుగా బ్రకటింపబడిరి గనుక ఆ యేండ్ల ఫలితములతో పోలికయే పనికిరాదు.

పల్లెటూరి బడికి ముఖ్యముగా దగులు చిక్కు మఱియొకటి గలదు. మన బడిలో పదవ తరగతి యనగా పదిమందో పండ్రెండుమందో. పదిమందిలో నొక పిల్లవానికి పరీక్షల వారమున జ్వరము దగిలిన, బడి ఫలితము పదిపాళ్ళు పడిపోవును. లెక్కవేసి చూతము. ప్రతి బిడ్డయు నెగ్గు నవకాశము పదింట నెనిమిది పాళ్ళని యనుకొందము. పంతుళ్ళు మాఱలేదు, బోధన మాఱలేదు, పిల్లల తీరును మాఱలేదు. అయినను సుమారు తొమ్మిదేండ్ల కొకసారి పదిమందియు నెగ్గుదురు. సుమారెనిమిదేండ్ల కొకసారి ఆఱుగురో అంతకు దక్కువయో నెగ్గుదురు. ఒక యేడు ఫ్లెక్సీ, మఱియొక యేడు ఛీవాట్లు. మధ్య జరిగినది కేవలము యాదృచ్ఛికము. అదే నూఱుమంది గల తరగతియైనచో ఇట్టి యూగిసలాట యుండదు. అందుచేతనే బడుల వరుస పట్టిక వేసిన చోటనెల్ల చిన్నబడులు పట్టిక తలమీదను కనబడును, తోకవద్దను కనబడును. పంటల బీమా కొఱకు జరుగు పంటకోత ప్రయోగములు మీకు దెలియనివి కావు. మనకు నచ్చిన మడిని కోయనీయరు. సర్వే నంబరును, మడిలో కొలత వేయు చోటును లెక్కప్రకారము యాదృచ్ఛికముగా నెన్నుకొందురు. ఒక్క కోతతో తృప్తిపడక పెక్కు చోట్ల కోసి సగటు తీయుదురు. గుప్పెడు వడ్లకే యింత జాగ్రత్త పడువారము, పిల్లల విషయమున నొక యేటి యొక్క యంకెను పట్టుకొని బస్సు నెక్కించుట న్యాయమా?

"అట్లయిన సరిగా బోల్చుట యెవరికిని సాధ్యము కాదా?" యని యడుగుదురేమో. సాధ్యమే. మన యుమ్మడి రాష్ట్రముననే చేసి చూపిరి. 2008లో ఆంధ్రప్రదేశమందలి 5 జిల్లాలలో ప్రైవేటు బడి గల 180 గ్రామములను దీసికొని, సర్కారు బడిలో నున్న చిన్నపిల్లల తలిదండ్రులలో ప్రైవేటు బడికి బంపగోరినవారి నుండి దరఖాస్తులు గైకొనిరి. చీట్లు వేసి సగము గ్రామముల నెన్నుకొని, ఆ గ్రామములలో మరల చీట్లు వేసి, చీటి తగిలిన పిల్లలకు రుసుములు కట్టి ప్రైవేటు బడులలో జేర్చిరి. చీటి తగులని పిల్లలు పాతబడిలోనే చదువుకొనవచ్చును. చీటి గుణము జూడదు, తండ్రి పొలము జూడదు. కావున రెండు వర్గముల పిల్లలును ఒకే నేల వంటివారు. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు రెండేండ్లకును నాలుగేండ్లకును ఇరువురిని పరీక్షించి, 2015లో ఫలితములు ప్రకటించిరి. తెలుగులో తేడా లేదు. లెక్కలలో తేడా లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు మేలు. సర్కారు ప్రాథమిక పాఠశాలలలో హిందీ చెప్పుటయే లేదు గదా. ఊరిలో కంటికి గనబడుచున్న పెద్ద వ్యత్యాసము నేలను సరిచేసి చూచునప్పటికి తెలుగునందును లెక్కలయందును కరగిపోయినది.

దీనిని జూపి సర్కారు బడి పక్షమున జయభేరి మ్రోగించుటకు వీలులేదు. అదే పరిశోధనలో ప్రైవేటు బడికి ఒక్కొక్క పిల్లవానిపై నగు ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతుకంటె దక్కువయని తేలినది. తెలుగునకు, లెక్కలకు వారు తక్కువ సమయమే కేటాయించి, మిగిలినదానితో ఇతర విషయములు గూడ చెప్పిరి. మూడవ వంతు పెట్టుబడితో సమానమైన పంట తీసిన రైతును మనము తక్కువచేసి మాటాడము. సర్కారు బడిలో పెట్టుబడి హెచ్చు, పంతుళ్ళకు చదువు హెచ్చు, జీతము హెచ్చు. ఫలితము మాత్రము సమానము. ఇది సిగ్గుపడవలసిన మాటయే. 2003లో దేశమంతట ముందు చెప్పకుండ పోయి చూచినప్పుడు సర్కారు ప్రాథమిక పాఠశాలల పంతుళ్ళలో నలుగురి కొకరు బడిలో లేరని తేలినది. మన యూరి బడిలోను లెక్కల పంతులు పోస్టు ఖాళీగా నున్న యేడు మన మందఱమును ఊరకుంటిమి. అర్జీ పెట్టినవారు ముగ్గురు తల్లులు. బిడ్డ నెక్కడికి బంపుకొనుటయు తండ్రి యిష్టము; దానికి మే మడ్డుచెప్పము. ఒకరు సొంత సొమ్ముతో పంపుకొనుట వేఱు. ఊరందఱి సొమ్ముతో నట్లు చేయుట వేఱు. ఏలయన సర్కారు బడిలో పంతుళ్ళ సంఖ్య పిల్లల సంఖ్యను బట్టి యుండును. సంఘపు సాయముతో మఱి యెనమండుగురు బస్సెక్కిన, వారితోబాటు ఒక పంతులుగారును బదిలీపై వెళ్ళుదురు. మిగిలిన పిల్లల తండ్రులలో మన సంఘ సభ్యులును గలరు. వారి వాటా సొమ్ముతోనే వారి బడిని పలుచన చేసినవార మగుదుము.

మేము చదివినది మిషను బడిలో. అచటి తెలుగు పంతులుగా రొక చిన్న నోటుపుస్తకము నుంచెడివారు. జూను నెలలో ఒక్కొక్కనిచే ఒక పుట చదివించి, తడబడక చదివిన పంక్తులెన్నియో వాని పేరునకెదురుగ వ్రాసికొనెడివారు. మార్చిలో మరల చదివించెడివారు. సంవత్సరాంతమున వారు సొంత సొమ్ముతో నిచ్చు బహుమానము పెన్సిళ్ళ పెట్టె. మా తరగతిలో మార్కులందు మొదటి స్థానము మాదే. పెన్సిళ్ళ పెట్టె మాత్రము గొఱ్ఱెల కాపరి కొడుకునకు బోయినది. జూనులో వాడు అక్షరములు గుర్తుపట్టలేనివాడు. మార్చిలో సగము పుట చదివెను. మాకు మిక్కిలి కోపము వచ్చి ఆ పూట అన్నము మానితిమి. వాని నొక యేడాదిలో ఎంత దూరము నడిపించిరో కొలిచిన యా నోటుపుస్తకమే మంచి కొలబద్ద యని తెలియుటకు మాకు శివారు రైతుల తాలు చూడవలసి వచ్చినది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున 1992లో చట్టముచే బడులకు విధించిన కొలతయు నిట్టిదే. ప్రతి పిల్లవానిని వాని నిరుటి మార్కులతోనే పోల్చుదురు. దానిని రూపొందించిన విలియం సాండర్స్ గారు మొదట వ్యవసాయ గణాంకములలో ఆరితేరినవారు. ఆ పద్ధతిపై తగవులు లేకపోలేదు గాని, గొడ్డును పైరును గొలిచిన చేయి బడిని గొలుచుట మాకు వింతగా దోపదు.

మే మడుగునది పెద్ద గణితము గాదు. 2005 నుండి అసర్ సర్వేవారు వాడుచున్న పద్ధతి మనకు చాలును. వారు బడికి గాక యింటికి పోవుదురు. పిల్లవాడు ఏ బడివాడైనను సరే, అక్షరములు, పదములు, చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి కథ చదివింతురు. తీసివేతలు, భాగహారములు చేయింతురు. మన యూరిలో అయిదు మొదలు పదియవ తరగతి వఱకు గల పిల్లలను, బస్సెక్కువారిని నడచి పోవువారిని గూడ, జూనులో నొకసారి, మార్చిలో నొకసారి ఇట్లు చూచుటకు డిగ్రీ చదివిన మన పడుచువారు నలుగురు రెండు ఆదివారములు వెచ్చించిన జాలును. మార్కులు పిల్లల పేర్లతో నెవ్వరికిని చూపరాదు. తలిదండ్రులకు మాత్రము చెప్పవలెను. పదవ తరగతి ఫలితములను సంఘపు బోర్డుపై వ్రాయునప్పుడు శాతము వలదు, తలలు వ్రాయుదము. ఆఱవ తరగతిలో ఇందఱు చేరిరి, మధ్యలో ఇందఱు వెడలిరి, ఇందఱు వచ్చిరి, పరీక్షకు ఇందఱు గూర్చుండిరి, ఇందఱు నెగ్గిరి. మూడేండ్లవి కలిపి వ్రాయుదము. ఫ్లెక్సీ బడివారిని గూడ ఇవే యంకెలు మర్యాదగా నడుగుదము. ఇచ్చినచో వారిదియు ప్రక్కనే వ్రాయుదము. ఇయ్యనిచో ఆ గడి ఖాళీగా నుండును.

ఇక సొమ్ము మాట. నెగ్గిన బడికి బహుమానము గాక, తప్పిన పిల్లకు సాయము చేయుట మా సవరణ. ఫలితములు వచ్చిన కొలది వారములకే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. తప్పినవారిలో పలువురు ఒకటి రెండు విషయములలో తప్పినవారే; ఆ నడిమి వారములలో వారిని కూర్చుండబెట్టి చెప్పువారు లేక, మగపిల్లలు పనికిని, ఆడపిల్లలు పెండ్లికిని పోవుచున్నారు. పరీక్ష రుసుము, లెక్కలు చెప్పుటకు పట్నములో నున్న మన యూరి యువకునకు దారిఖర్చు, రెండు దీపములు, ఒక నల్లబల్ల, ఇంతియే కావలసినది. ఏ బడిలో చదివి తప్పినవారైనను రావచ్చును. బస్సు బడినుండి వెడలగొట్టబడిన వారును రావచ్చును.

ఈ సవరణ ప్రతిని కార్యదర్శిగారికి సమర్పించియున్నాము; నలుగురు సభ్యులు వ్రాలు చేసిరి, మఱి యిద్దఱు చేసిన చర్చకు వచ్చును. గోదాము ముందరి గది, యెరువుల లారీ వచ్చు రెండు మూడు దినములు దప్ప, సాయంత్రములందు ఖాళీగానే యుండును. తాళపుచెవి కార్యదర్శిగారి యొద్దనే యున్నది.